మూడు మిల్లీమీటర్లు

హింటర్‌నౌ
4 అక్టోబర్ 2014

ప్రియమైన ఓట్‌మార్,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. ఫోన్‌లో నేను ఒక వాక్యం పూర్తి చేసేలోగా నువ్వు రెండు జోకులు వేస్తావు. కాగితం మీద నీకు ఆ వీలు లేదు.

ఈ ఉదయం నేను వాకిట్లో దుప్పట్లు ఆరేస్తుంటే పక్కింటి అలొయిస్ వచ్చాడు. నా ఆకుపచ్చ కారు తలుపు తీసి దర్జాగా కూర్చున్నాడు. ఎక్కడికని అడిగాను.

"ఎక్కడికేంటి, మా ఇంటికే. ఓట్‌మార్ నాకు అమ్మేశాడుగా. నీకు చెప్పలేదా?" అన్నాడు. నా ముఖం చూసి ఆయన ముఖం ఎర్రబడింది. వెనక సీట్లో ఉన్న నా సంచీ తీసి చేతికిచ్చి, తల వంచుకుని కారు తోలుకుపోయాడు. పదకొండేళ్ళు నేను నడిపిన కారు. కాగితాలు నీ పేరు మీద ఉన్నాయి కాబట్టి నన్ను అడగాల్సిన పని నీకు పడలేదు. గ్యారేజీలో ఉన్న దాని చలికాలపు చక్రాలు కూడా మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్ళాడు.

నువ్వు నార్వేలో సొరంగం తవ్వుకుంటూ ఈస్టర్ దాకా అక్కడే ఉంటావు. నాకు ఇక్కడ మిగిలింది నీ ఎర్ర కారు. రెండు సీట్లు, నేలకు జానెడు ఎత్తు, చలి మొదలైతే గాజుపలకలా బిగుసుకుపోయే వేసవి టైర్లు.

14వ తేదీ నుంచి నాకు తరగతులు. ప్రతి మంగళవారం, శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి కనుమ అవతల కెంప్టెన్‌లో ఉండాలి. బస్సెక్కితే తొమ్మిదీ నలభైకి గానీ చేరను. ఐదు హాజర్లు పోయినవాళ్ళను వసంతంలో మాస్టర్ పరీక్షకు కూర్చోనివ్వరు. ఇరవై ఆరేళ్ళుగా నేను ఇల్లు నడుపుతున్నాను. అది కూడా వడ్రంగంలాగా, నీ పనిలాగా ఒక విద్యేనని ముద్ర వేసి ఇచ్చే పట్టా ఈ దేశంలో ఉంది. అది నాకు కావాలి. జూన్‌లోనే నీకు చెప్పాను. మంచిదేనని కూడా అన్నావు.

ఈ నెలాఖరుకు కనుమ మీద మంచు పడుతుంది. కాబట్టి ఎర్ర కారుకు చలికాలపు చక్రాలు నేనే చూసుకుంటాను. కాగితాలు ముందేసుకుని నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. ముందు చక్రం వెడల్పు, వెనక చక్రం వెడల్పు, వ్యాసం, చక్రం ఎంత లోపలికి కూర్చోవాలో చెప్పే అంకె, మంచులో జారకుండా టైరుకు చుట్టే గొలుసుకు అనుమతి ఉందా లేదా. ఆ కారు గురించి నీకు తెలిసినంత నాకు తెలియదు. తెలిసింది రాసి పంపు. అమ్మకం గురించి కూడా రాయి.

నీ
గెర్లిండె


సొరంగం క్యాంపు
10 అక్టోబర్

నా ప్రియమైన కొలతల రాణీ,

నీ ఉత్తరం భోజనాల బల్ల దగ్గర చదివాను. నాతో షిఫ్టులో పనిచేసే ఊవె పక్కనుంచి తొంగి చూసి, ఇది పెళ్ళాం రాసిందా, పోలీసులు రాశారా అని అడిగాడు.

అలొయిస్ సంగతి చెప్పాలనే అనుకున్నాను, మరిచిపోయాను. నేను లేని ఇంటికి రెండు కార్లెందుకు? ఆ ఆకుపచ్చది ఎలాగూ ముసలిదైపోయింది. నీకు ఊళ్ళో అందరికంటే అందమైన కారు వదిలి వచ్చాను, దానికి ఒక ముద్దు పెట్టాల్సింది పోయి కోపమా?

చక్రాల గురించి నువ్వు తల బద్దలు కొట్టుకోకు. సన్న చక్రాలు మాత్రం కొనకు, చెప్తున్నాను. నా కారుకు పాలబండి చక్రాలు వేస్తే సారాకొట్టు దగ్గర నేను తలెత్తుకోలేను. ఊవె దగ్గర నాలుగు చక్రాలున్నాయి. పద్దెనిమిది అంగుళాలవి, చలికాలపు టైర్లతో సహా, రెండు శీతాకాలాలు మాత్రమే తిరిగినవి. వాడిదీ నాదీ ఒకే రకం కారు. మా కంపెనీ లారీ ఆ వైపు వస్తోంది, అందులో వేసి పంపుతున్నాను. బిగించుకో, తిరుగు.

ఇక మంచు మరీ ఎక్కువ పడ్డ రోజు ఆ క్లాసు మానెయ్. ఒలికిన పాలు ఎలా తుడవాలో వాళ్ళు నీకు నేర్పాలా?

ముద్దులతో
నీ ఓట్‌మార్


హింటర్‌నౌ
26 అక్టోబర్

ప్రియమైన ఓట్‌మార్,

నీ చక్రాలు మంగళవారం వచ్చాయి. శుక్రవారం తెల్లవారేసరికి కనుమ తెల్లబడింది. నేను క్లాసుకు వెళ్ళలేకపోయాను. ఒక హాజరు పోయింది. ఎందుకు పోయిందో వరసగా చెబుతాను, చివరిదాకా చదువు.

టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ నాలుగు టైర్ల మీదా 4105 అని ఉంది. 2005లో నలభై ఒకటో వారం. రెండు శీతాకాలాలే తిరిగి ఉండొచ్చు, కాని తొమ్మిదేళ్ళుగా రబ్బరు ఎండిపోతూనే ఉంది. గోరుతో నొక్కితే దిగడం లేదు. టైరు మీది గాడుల లోతు కొలిచాను. ముందువి రెండూ నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. నాలుగుకు దిగితే మంచులో పట్టు ఉండదని నాకు నేర్పింది నువ్వే.

ఇంకోటి. ఊవె కారూ నీదీ ఒకే రకం అన్నావు. వాడిది నీదానికంటే రెండేళ్ళు పాతది, బ్రేకులు చిన్నవి. నీ కారు ముందు బ్రేకు పళ్ళేన్ని పట్టుకుని ఒక ఎర్రటి ఇనుప దవడ ఉంటుంది చూడు, అది లావు. గ్యారేజీ అరలో ఉన్న నీ మరమ్మతు పుస్తకం తీసి, ఆ దవడ బొమ్మ చూసి, కేకు పెట్టె అట్ట మీద అసలు కొలతకు గీసి కత్తిరించాను. చక్రాన్ని నేల మీద బోర్లా పడుకోబెట్టి, ఆ అట్టను లోపల నిలబెట్టి గుండ్రంగా తిప్పాను. మొదటి కమ్మీ దగ్గరే ఆగిపోయింది. కొలిస్తే మూడు మిల్లీమీటర్లు అడ్డం.

నా అట్టను నేనే నమ్మక టైర్ల వ్రోని దగ్గరికి వెళ్ళాను. నువ్వు ఆమెను కమ్మరి కూతురు అని వెక్కిరిస్తావు గాని, ఈ లోయలో చక్రాల సంగతి ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ముందు ఎడమ చక్రం తగిలించి చేత్తో తిప్పింది. కదల్లేదు.

"ఇది చక్రం కాదు, తాళం," అంది వ్రోని.

గొలుసు సంగతి కూడా చూశాం. ఇంత వెడల్పు టైరు మీద గొలుసు వేయకూడదని కాగితాల్లోనే రాసి ఉంది. గొలుసు వేయనిదే పోకూడదన్న బోర్డు పెట్టిన రోజు కనుమ మొదట్లోనే నన్ను ఆపేస్తారు.

కాగితాల్లో అనుమతి ఉన్న సెట్టు ఒకటుంది. పదిహేడు అంగుళాలు, ముందు 205 వెడల్పు, వెనక 225. వ్రోని దుకాణంలో ఉన్న నమూనా చక్రంలో అట్ట పెట్టి చూశాను, బ్రేకు చుట్టూ వేలు దూరేంత ఖాళీ ఉంది. వెనక వాటికి గొలుసు కూడా పడుతుంది. అదే తెప్పించమని వ్రోనికి చెప్పాను. ఈ వారం మాకు సెలవులు, 3వ తేదీకల్లా వస్తాయంది. ఊవె చక్రాలు వాడికి తిరిగి పంపుతాను.

పాలబండి అని మళ్ళీ అనకు.

గెర్లిండె


సొరంగం క్యాంపు
31 అక్టోబర్

గెర్లిండె,

కేకు అట్టతో కారు కొలిచిన మొదటి మనిషివి నువ్వే. ఇక్కడ అందరికీ చెప్పాను, షిఫ్టు మొత్తం నవ్వింది.

మూడు మిల్లీమీటర్లు ఒక సమస్యా? చక్రానికీ ఇరుసుకీ మధ్య అయిదు మిల్లీమీటర్ల బిళ్ళ ఒకటి వేస్తే సరిపోతుంది. పొడుగు బోల్టులు కావాలి. తనిఖీ ఇంజనీరు చూసి కాగితాల్లో రాయాలి. నెల పడుతుంది, పడనీ. తొందరేముంది?

వ్రోనికి నేను ఫోన్ చేశాను. నువ్వు చెప్పిన ఆర్డరు ఆపమన్నాను. కారు నాది, దాని కాళ్ళకు ఏం తొడగాలో నేను చెప్తాను. నువ్వు వంటింట్లో నా కత్తులు ఎక్కడ పెట్టాలో నన్ను చెప్పనిచ్చావా ఎప్పుడైనా? అలాగే ఇదీ.

కోపం తగ్గాక రాయి.

ఓట్‌మార్


హింటర్‌నౌ
16 నవంబర్

ఓట్‌మార్,

తగ్గలేదు.

నీ ఉత్తరం అందకముందే సంగతి తెలిసింది. 3వ తేదీ వ్రోని దుకాణానికి వెళ్తే, ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, చక్రాలు రాలేదని చెప్పింది. ఎందుకు రాలేదంటే ఓట్‌మార్ వద్దన్నాడంది. "కారు ఆయనది కదా, ఆయన వద్దంటే నేనెలా తెప్పించేది?" అంది.

నేను సంచీలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టాను. చదవమన్నాను. ఆమె చదివింది, తిప్పి చూసింది, మళ్ళీ ముందునుంచి చదివింది.

"ఇందులో ఆయన పేరు ఎక్కడా లేదే," అంది.

లేదు. నువ్వు మరిచిపోయి ఉంటావు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్క గీత కూడా పడకుండా కారు నడిపింది ఈ ఇంట్లో నేనే. అందుకని బీమా తగ్గుతుందని కొన్న రోజున నా పేరు మీద రాయించింది నువ్వే. కొనుగోలు కాగితం మీద సంతకం కూడా నాదే. దుకాణం బయటికి రాగానే తాళాలు మాత్రం నువ్వు తీసుకున్నావు.

"నా కారుకు నా చక్రాలు తెప్పించు," అన్నాను.

వ్రోని క్షమాపణ అడిగి అప్పుడే ఆర్డరు పెట్టింది. అయినా అవి వచ్చేసరికి 12వ తేదీ అయింది. ఈలోగా 4న, 7న, 11న క్లాసులు పోయాయి. మొదటిదానితో కలిపి నాలుగు. ఐదోది పోతే పరీక్ష పోతుంది. జ్వరం వచ్చినా, రోడ్డు మూసేసినా, ఎవరైనా చచ్చిపోయినా ఇక నేను ఒక్క రోజు మానడానికి లేదు. ఏప్రిల్ దాకా.

7వ తేదీన అలొయిస్‌ను అడిగాను, ఆ ఒక్క రోజుకు నా పాత కారు ఇస్తావా అని. ఇచ్చేవాడే. ఆ వేళకే వాళ్ళావిడ దాన్ని తీసుకుని కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. నా కారు రోడ్డు మలుపు తిరుగుతుంటే నేను కిటికీలోంచి చూశాను. ఆ రోజు నిన్ను ఏమేం తిట్టానో రాయను.

కొత్త చక్రాలు చూడటానికి ఏమంత బాగుండవు. బూడిదరంగు, అయిదు కమ్మీలు. తగిలించి చేత్తో తోస్తే చప్పుడు లేకుండా తిరిగాయి. వ్రోని బిగువు కొలిచే టార్క్ పానాతో బోల్టులు ఎదురెదురుగా బిగించింది. యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి బిగించుకోమంది. శుక్రవారం ఉదయం ఆరింటికి బయలుదేరాను. కనుమ మొదట్లో గొలుసు బోర్డు పెట్టారు. ముందు రెండు పెద్ద కార్లు పక్కకు ఆగి ఉన్నాయి, మగవాళ్ళు గొలుసులు చేతుల్లో పట్టుకుని కాగితం చదువుకుంటున్నారు. నేను పెరట్లో మూడుసార్లు సాధన చేశాను. ఏడు నిమిషాల్లో రెండు వెనక చక్రాలకూ వేశాను. పైకి ఎక్కేటప్పుడు ఎర్ర కారు ఒక్కసారి కూడా తోక ఊపలేదు. పావు తక్కువ ఎనిమిదికి క్లాసులో కూర్చున్నాను.

ఈ ఉత్తరం ఇక్కడితో ఆపి, సంతోషంగానే సంతకం పెట్టేదాన్ని.

నిన్న ఊవె చక్రాలు తిరిగి పంపే ముందు కడిగాను. ఇంకొకరి వస్తువు మురికిగా పంపడం నాకు చేతకాదని నీకు తెలుసు. లోపలివైపు మట్టి గట్టిపడి ఉంటే బ్రష్షుతో రుద్దాను. ఒక కమ్మీ వెనక తెల్ల మైనపు పెన్సిలు గుర్తు బయటపడింది. నీరు పోసినా పోలేదు. ఇనుము మీద మీరు రాసుకునే పెన్సిలు. అక్కడ "−3" అని ఉంది. మూడు నెత్తి గుండ్రంగా కాక, నువ్వు రాసినట్టే అడ్డగీతగా ఉంది. కింద రెండు గీతలు. సొంతంగా కొలిచిన అంకె కింద మాత్రమే నువ్వు రెండు గీతలు గీస్తావు. ఈ ఇంట్లో తలుపు చట్రాల మీద, అరల మీద, మన మంచం కింద కూడా ఆ గీతలున్నాయి.

నేను అట్ట పెట్టి కొలిచి మూడు అన్నాను. నువ్వు అప్పటికే కొలిచి మూడు అని రాసుకున్నావు. ఆ కారు బ్రేకు కొలతలు నీ నోటుపుస్తకం మొదటి పేజీలో ఉంటాయి.

ఇరవై ఏళ్ళుగా కొండను రెండు వైపులనుంచి తవ్వి మధ్యలో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపే మనిషివి. నువ్వు కొలతలో పొరపాటు చేస్తావంటే నేను నమ్మను. పొరపాటైతే ఈపాటికి క్షమించేసేదాన్ని.

పట్టవని తెలిసి పంపావా? ఒక్క మాటలో రాయి. జోకు వద్దు.

గెర్లిండె


సొరంగం క్యాంపు
30 నవంబర్

ప్రియమైన గెర్లిండె,

అవును.

ఒక్క మాట అడిగావు, రాశాను. మిగతాది నువ్వు అడగలేదు, అయినా రాస్తాను.

పట్టవని తెలుసు. నువ్వు కొలుస్తావనీ తెలుసు. పక్కనున్న డబ్బాలో ఉప్పుందో పంచదారుందో కూడా నాలుక మీద వేసుకుని చూడనిదే నమ్మని మనిషివి. అందుకే ధైర్యంగా పంపాను. పట్టని చక్రం మీద నువ్వు రోడ్డెక్కవు. నీకు ఏమీ కాదు. ఒకటి సరిపోదు, ఇంకోటి ఆలస్యమవుతుంది, ఇంజనీరు నెల తిప్పుతాడు, క్రిస్మస్ లోపు విసుగెత్తి మానేస్తావనుకున్నాను. ఆకుపచ్చ కారు అమ్మింది కూడా అందుకే. మరిచిపోయానన్నది అబద్ధం.

ఊవె చక్రాలు నా చేతికి ఎందుకొచ్చాయో తెలుసా? వాడు కారు అమ్మేశాడు. వాడి పెళ్ళాం మూడేళ్ళ క్రితం ఇలాగే వారానికి రెండు రోజుల కోర్సులో చేరింది. తర్వాత ఉద్యోగం, తర్వాత వేరే ఊళ్ళో గది. ఇప్పుడు సెలవు ఇస్తే ఎవరింటికి వెళ్ళాలో తెలియక వాడు క్యాంపులోనే ఉంటున్నాడు. ఆదివారాలు వాడు ఒక్కడే పేకముక్కలు పేర్చుకుంటుంటే చూడలేను. జూన్‌లో నువ్వు చెప్పినప్పుడు మంచిదేనన్నాను. ఇక్కడికి వచ్చాక నిద్ర పట్టలేదు. అక్టోబర్‌లో ఒక వారం సాయంత్రాలు ఫోన్ చేస్తే మూడుసార్లు నువ్వు ఎత్తలేదు. చదువుకుంటున్నానన్నావు.

ఇదంతా కాగితం మీద చదివితే నాకే సిగ్గుగా ఉంది.

19వ తేదీ శుక్రవారం నాకు సెలవు దొరికింది. మధ్యాహ్నం రెండూ ఐదుకు కెంప్టెన్‌లో దిగుతాను. స్టేషన్‌కు వస్తావా? బోల్టులు మళ్ళీ బిగించావో లేదో నేను చూస్తాను. నన్ను క్షమించావా?

నీ
ఓట్‌మార్


హింటర్‌నౌ
8 డిసెంబర్

ఓట్‌మార్,

క్షమించలేదు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఒకే చోట ఆగాను. నేను కొలుస్తానని తెలిసి పంపావు. నా జాగ్రత్త మీద నీకు అంత నమ్మకం. ఇన్నేళ్ళూ ఆ జాగ్రత్త నీ ఇంటికి పనికొచ్చింది. ఇప్పుడు దాన్నే తీసి నా తలుపుకు గడియ పెట్టావు. నేను అజాగ్రత్త మనిషినైతే నువ్వు ఆ పని చేసేవాడివి కావు, భయపడేవాడివి. నాకు దీని మీదే ఎక్కువ కోపం. కారు అమ్మడం మీద కాదు, అబద్ధం మీద కూడా కాదు.

పట్టని చక్రం చూసి నేను ఆగిపోతానని ఎలా అనుకున్నావు? కొలిచేది ఆగిపోవడానికి కాదు. పట్టేది ఏదో తెలుసుకోవడానికి. నువ్వు కూడా కొండ అడ్డం వచ్చిందని ఇంటికి వచ్చేసే మనిషివి కాదు కదా.

ఊవె గురించి చదివి జాలేసింది. కాని వాడి పెళ్ళాం ఎందుకు వెళ్ళిందో వాడు నీకు చెప్పినదే నీకు తెలుసు. ఆమెను ఎవరైనా అడిగారా? నేను వెళ్ళిపోతానని భయం వేస్తే, వెళ్తావా అని నన్ను అడగాల్సింది. ఆరు మాటల ఉత్తరం చాలు. దానికి బదులు నాలుగు చక్రాలు పంపావు. వాటి బరువు కంపెనీ లారీ మోసింది.

అడగలేదు కాబట్టి జవాబు కూడా ఇప్పుడే ఇవ్వను. నిజం చెప్పాలంటే అక్టోబర్‌లో అడిగి ఉంటే, ఎక్కడికీ వెళ్ళనని నవ్వుతూ రాసేదాన్ని. ఇప్పుడు అంత తేలిగ్గా రాయలేకపోతున్నాను. దీని గురించి మాట్లాడాలి. ఎదురెదురుగా కూర్చుని, నేను చెప్పేది నువ్వు విని.

చక్రాలు ఊవెకు పంపించేశాను. బోల్టులు యాభై మూడో కిలోమీటరు దగ్గర నేనే బిగించాను. నువ్వు చూడక్కర్లేదు.

ఇక 19వ తేదీ. ఆ రోజు మాకు అరసంవత్సరపు పరీక్ష. యాభై మందికి ఒక వారం భోజనం, బట్టలు, శుభ్రత, ఎవరు ఏ పని ఎప్పుడు చేయాలి, అన్నీ కాగితం మీద పథకం వేయాలి. ఒంటిగంటన్నరకు మొదలై నాలుగున్నరకు ముగుస్తుంది. మధ్యలో లేచి వెళ్తే హాజరు కొట్టేస్తారు. నాకు నాలుగు హాజర్లు పోయాయి. ఆ నాలుగూ ఎవరి వల్ల పోయాయో నీకు తెలుసు. కాబట్టి నీ రైలు వచ్చేసరికి ప్లాట్‌ఫారం మీద నేనుండను.

నీకు రెండు దారులున్నాయి. రెండూ ఇరవైకి మన ఊరి బస్సు ఉంది. అదెక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరతావు. ఇంట్లో ఎవరూ ఉండరు, పొయ్యి చల్లగా ఉంటుంది, సూప్ ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తాను. లేదంటే స్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు నడిచి మా పాఠశాలకు రా. గేటు లోపల ఎడమవైపు కారు ఆపి ఉంటుంది. పరీక్ష అయ్యేదాకా అక్కడ నిలబడు. చలిగా ఉంటుంది, రెండు గంటల పైన అవుతుంది. నేను వచ్చాక కనుమ దాటించి తీసుకెళ్తాను. కారు నేను నడుపుతాను.

నువ్వు ఏ దారి ఎంచుకుంటావో నేను ఊహించను. నాలుగున్నరకు బయటికి వచ్చి చూస్తాను.

గెర్లిండె